సందు చూసే కన్ను: ఒక ఫ్లెక్స్ డిజైనర్ ఆరేళ్ల డ్రాయింగ్ సాధన

2017 జూన్. స్కూళ్లు తెరిచిన వారం. సాయంత్రం క్లాసు అయిపోయి పిల్లలు మెట్లు దిగుతుంటే, ఒకతను చుట్టచుట్టిన చార్టు చంకలో పెట్టుకుని మిద్దె మీదికి ఎక్కి వచ్చాడు. వయసు 31. నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర ఒక ఫ్లెక్స్ షాపులో డిజైనర్. చార్టు విప్పాడు. ఒక సినిమా హీరో మొహం. షేడింగ్ బ్రహ్మాండంగా ఉంది, గడ్డంలో వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు.

"ఎన్నాళ్లు పట్టింది?" అన్నాను.

"పదకొండు రోజులు సార్."

బల్ల మీద నేను తాగేసిన టీ గ్లాసు ఉంది. ఇది గీసి చూపించు అన్నాను. పది నిమిషాలు కూర్చున్నాడు. కాగితం మీద వచ్చిన గ్లాసులో టీ పోస్తే అంతా ఒక పక్కకి ఒలికిపోయేదే. మూతి పళ్లెమంత గుండ్రంగా ఉంది, అడుగు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

ఆ రెండు బొమ్మలూ గీసింది ఒకే చెయ్యి. మధ్యలో ఉన్న తేడా ఏమిటి, దాన్ని పూడ్చడానికి ఆరేళ్లు ఎందుకు పట్టింది అన్నదే ఈ కేసు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారిని. సాయంత్రాలు మూలాపేటలో మా ఇంటి మిద్దె మీద క్లాసు చెబుతాను. ఇన్నేళ్లలో చాలామంది వచ్చి వెళ్లారు కానీ, మొదటి రోజు నుంచి చివరి పరీక్ష దాకా కాగితాలన్నీ నా దగ్గర ఉన్నది ఇతని విషయంలోనే. రాయడానికి ఒప్పుకున్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

చెయ్యి బాగుంది, మరి లోపం ఎక్కడ?

వాళ్ల నాయన గోడల మీద అక్షరాలు రాసేవాడు. సిమెంటు ప్రకటనలు, ఎరువుల ప్రకటనలు, ఎలక్షన్లు వస్తే పార్టీ గుర్తులు. ఇతను పదేళ్ల వయసు నుంచే నాయన వెంట డబ్బాలు మోసేవాడు, సుద్దపొడి పట్టించిన దారం రెండో కొస పట్టుకునేవాడు. దారం లాగి టప్పున వదిలితే గోడ మీద గీత పడుతుంది, ఆ గీత మీద అక్షరాలు. తర్వాత ఫ్లెక్స్ వచ్చింది, గోడ పని పోయింది. ఇతను కోరల్ డ్రా, ఫోటోషాప్, అనూ ఫాంట్స్ నేర్చుకుని షాపులో చేరాడు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, పెద్దకర్మలు: పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా అదే పని.

అంటే చేతికి ముందే తిరుగుడు ఉంది. స్కేలు లేకుండా అడుగు పొడవు గీత గీస్తే వంకర ఉండదు. ఒక్క ఊపులో సున్నా చుడితే మొదలూ చివరా కలుస్తాయి. నా క్లాసుకి వచ్చే పిల్లలు ఏడాది కష్టపడితే గానీ రాని పని అది. అయినా టీ గ్లాసు రాలేదు.

దీనికి సంబంధించి ఒక మంచి పరిశోధన ఉంది. చాలామంది కళ్లెదుట ఉన్నదాన్ని ఎందుకు గీయలేరు అని కోహెన్, బెనెట్ అనే ఇద్దరు 1997లో పరీక్షలు పెట్టి చూశారు. చేతి కదలిక సరిగా లేకపోవడం వల్ల వచ్చే తప్పు తక్కువని, వస్తువుని చూడడంలోనే అసలు తప్పు జరుగుతోందని తేల్చారు. అంతకు చాలా ముందే, 1931లో, థౌలెస్ అనే ఆయన ఇంకోటి చూపించాడు. గుండ్రటి బిళ్లని పక్కకు వాల్చి, మీకు ఏ ఆకారం కనిపిస్తోందో చెప్పమంటే, జనం నిజంగా కంటికి కనబడే దానికంటే గుండ్రంగా చెబుతారు. బిళ్ల గుండ్రమని బుర్రకి ముందే తెలుసు కదా, అది కంటిని తనవైపు లాక్కుంటుంది. మా వాడి టీ గ్లాసు మూతి అచ్చం అదే. చెయ్యి బుర్ర చెప్పినట్టు విన్నది. బుర్ర మాత్రం గ్లాసుని చూడలేదు.

ఇదంతా నాకు అప్పుడే తెలుసని చెబితే అబద్ధం. పేపర్లు తర్వాత చదివాను.

మొదటి ఏడాది: నా తప్పు

అందరికీ ఇచ్చిందే ఇతనికీ ఇచ్చాను. ఫోటో మీద అంగుళం గళ్లు కొట్టు, చార్టు మీద గళ్లు కొట్టు, గడి గడి చూసి దింపు. దాంతోపాటు పెన్సిల్ షేడ్లు, హెచ్‌బీ నుంచి 6బీ దాకా. గవర్నమెంటు డ్రాయింగ్ లోయర్ పరీక్షకి కావలసినవి కొన్ని. రోజూ పనయ్యాక రాత్రి పదికి కూర్చునేవాడు. ఏడాదిలో 60 చార్టులు పూర్తి చేశాడు. లోయర్ పాసయ్యాడు. ఇంట్లో వాళ్లు సంతోషపడ్డారు, నేనూ సంతోషపడ్డాను.

2018 జూన్‌లో, ఏడాది నిండిందని ఒక పరీక్ష పెట్టాను. తర్వాత ఐదేళ్లూ మాకు గీటురాయి అయింది ఈ పరీక్షే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బల్ల మీద ఇత్తడి చెంబు, దాని పక్కన ఏటవాలుగా ఒక ఇటుక, రెండింటి ముందు మడిచిన తువ్వాలు. ట్యూబ్‌లైట్ ఆపేసి ఎడమ కిటికీ ఒక్కటే తెరిచిపెట్టాను. స్టూలు కాళ్లు ఎక్కడుండాలో నేల మీద పెయింటుతో గుర్తు పెట్టాను, వస్తువులకి బల్ల మీద కూడా. సమయం 40 నిమిషాలు. గీయడం అయ్యాక అదే స్టూలు మీద నేను కూర్చుని కొలుస్తాను.

కొలవడానికి సైకిల్ పుల్ల వాడతాం, చక్రంలో ఉండే స్పోక్. చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పుల్ల కొసని చెంబు ఒక అంచుకి ఆనించి, రెండో అంచు దగ్గర బొటనవేలి గోరు పెట్టుకోవాలి. అది వెడల్పు. ఆ గోరు కదపకుండా పుల్లని నిలువుగా తిప్పితే ఎత్తుతో పోల్చుకోవచ్చు. మోచెయ్యి వంగితే కొలత పోయినట్టే.

ఆ స్టూలు మీంచి చూస్తే చెంబు మూతి వెడల్పు నాలుగైతే ఎత్తు ఒకటి. ఇతను గీసిన మూతిలో వెడల్పు రెండైతే ఎత్తు ఒకటి. ఇటుక అడుగు అంచులు రెండూ కంటికి వేరువేరు వాలుతో కనిపిస్తాయి. కుడి అంచు కొంచెమే లేచి ఉంటుంది, ఎడమది బాగా లేస్తుంది. ఇతని ఇటుకలో రెండూ ఒకటే వాలు. ఏడాది కిందటి టీ గ్లాసు తీసి పక్కన పెట్టుకుని చూశాను. షేడింగ్ ఎంతో మెరుగైంది. ఆకారం ఉన్న చోటే ఉంది.

గళ్లు కొట్టి గీసేటప్పుడు ఏ గీత ఎక్కడ పడాలో గడే చెబుతుంది. కన్ను నిర్ణయం తీసుకోవాల్సిన పనే లేదు. ఏడాది పొడవునా నేను అతని కంటికి సెలవిచ్చాను. గళ్ల పద్ధతి చెడ్డదని కాదు. గోడ మీద పెద్ద బొమ్మ దించాలంటే ఇప్పటికీ అదే దారి. నేర్చుకోవడానికి మాత్రం పనికిరాదు.

ఫీజు తిరిగి ఇచ్చేస్తానన్నాను. అతను నవ్వి, "ఫీజెందుకు సార్, ఆ చెంబు ఇవ్వండి, ఇంటికి తీసకపోతా" అన్నాడు.

ముగ్గు దగ్గర

చెంబు ఇంటికెళ్లింది గానీ ఆరు నెలలు పెద్ద మార్పేం లేదు. రోజూ గీసేవాడు, రోజూ అదే తప్పు. మూతి మరీ గుండ్రంగా వచ్చింది అని నేను చెబితే మర్నాడు మరీ నొక్కేసి గీసేవాడు. ఆ మర్నాడు మళ్లీ గుండ్రం.

2019 సంక్రాంతి ముందు ఏదో పని మీద వాళ్లింటికి వెళ్లాను. పెన్న ఒడ్డున పల్లపు కాలనీ. తెల్లారుతోంది. వాళ్లమ్మ వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు మొదలుపెట్టింది. నడిమి వరసలో 21 చుక్కలు. వంగి, చేత్తో పిండి వదులుతూ పక్కకి జరుగుతూ పోతోంది, ఎక్కడా ఆగి కొలవడం లేదు. వరస అయ్యాక చూస్తే సందులన్నీ సమానం. నేను టీ తాగుతూ ఊరికే, "అమ్మా, అంత కచ్చితంగా ఎట్టా పెడతారు?" అని అడిగాను.

"చుక్కదేముంది అయ్యవారూ, పెడితే పడతాది. సందు చూసుకోవాల," అంది ఆమె, తల ఎత్తకుండానే.

నేను మా వాడి వంక చూశాను. వాడు అప్పటికే చెంబు తెచ్చి అరుగు మీద పెట్టాడు. పక్కన ఇటుక ముక్క. చెంబునీ ఇటుకనీ వదిలేసి, రెండింటి మధ్య ఉన్న ఖాళీ ఏ ఆకారంలో ఉందో అది మాత్రం గీశాడు. ఖాళీకి పేరు ఉండదు. అది గుండ్రమో నలుచదరమో బుర్రకి ముందే తెలిసే అవకాశం లేదు. కాబట్టి చూసి తీరాలి. ఆ ఖాళీ రెండు పక్కలా పూర్తయ్యాక చూస్తే చెంబు పొట్ట మొదటిసారి ఉండాల్సిన చోట ఉంది.

ఖాళీ ఆకారాన్ని గీయించడం డ్రాయింగ్ టీచర్లందరికీ తెలిసిన పాత ఉపాయమే. నేను కూడా అంతకుముందు రెండుసార్లు చెప్పాను, అతను తలూపాడు, పని మాత్రం జరగలేదు. వాళ్లమ్మ నోట వచ్చాక ఎక్కింది. "మాయమ్మ ముప్పై ఏళ్ల నుంచి చేస్తా ఉంది సార్, నేను పిండి డబ్బా అందించానే గానీ ఒక్కనాడూ అడగలేదు" అని చాలా రోజులు అంటూనే ఉన్నాడు.

పొద్దున 45 నిమిషాలు

ఆ నెల నుంచి పద్ధతి మార్చాం. రాత్రి పది మానేసి పొద్దున ఆరు. రాత్రి కూర్చుంటే కన్ను అప్పటికే 11 గంటలు మానిటర్ చూసి వచ్చి ఉంటుంది.

వారానికి ఒకే తప్పు పట్టుకోవాలి. ఆ వారం చెంబు మూతి అంటే మూతి ఒక్కటే, షేడింగ్ పేరెత్తకూడదు. మొదటి ఐదు నిమిషాలు పెన్సిల్ ముట్టకుండా చూడాలి. తర్వాత కంటితోనే అంచనా వేసి, పుల్ల వాడకుండా గీయాలి, పావుగంట. అప్పుడు పుల్ల తీసి కొలిచి, అదే బొమ్మ మీద ఎర్ర బాల్‌పెన్‌తో సరైన గీత వేయాలి. ఆ కాగితం పక్కన పెట్టేసి కొత్త కాగితం మీద మళ్లీ మొదటి నుంచి. చివర్లో నోటుబుక్కులో ఒక్క లైను: కన్ను ఏమంది, పుల్ల ఏమంది.

ఇందులో ప్రాణమంతా పుల్ల ఎప్పుడు తీయాలన్న దాంట్లో ఉంది. ముందే కొలిచి గీస్తే బొమ్మ బాగా వస్తుంది. కానీ అప్పుడు పుల్ల కూడా గళ్లలాంటిదే అయిపోతుంది, కన్ను మళ్లీ సెలవులోకి పోతుంది. కన్ను ముందు నోరు తెరిచి తప్పు చెప్పాలి, ఆ తప్పు ఎంతో వెంటనే తెలియాలి. మర్నాడు పొద్దున ఆ తప్పు ఇంకా గుర్తుండగానే మళ్లీ కూర్చోవాలి.

ఆ పుస్తకంలోంచి రెండు మూడు లైన్లు, అతని అనుమతితోనే:

"మూతి. కన్ను మూడుకి ఒకటి అంది. పుల్ల నాలుగుకి ఒకటి."

"ఇటుక ఎడమ అంచు. కన్ను తక్కువ లేపింది. పుల్ల ఇంకా లేపమంది. రెండోసారి ఎక్కువ లేపా."

"తువ్వాలు. కన్ను ఏమీ అన్లేదు. నిద్ర."

పదివేల గంటలు కష్టపడితే ఎవరైనా నిపుణులవుతారని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. దాని మూలం ఎరిక్సన్ ఇంకో ఇద్దరితో కలిసి 1993లో వేసిన పేపరు. బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకునే విద్యార్థుల మీద చేసిన పని అది. అందులో మేటి విద్యార్థులు 20 ఏళ్ల వయసుకి చేసిన ఏకాంత సాధన సగటున పదివేల గంటల దగ్గర ఉందని తేలింది. సగటు అంటే కొందరు అంతకంటే తక్కువే చేశారని అర్థం. గంటలు నింపితే చాలని ఆ పేపరు ఎక్కడా అనలేదు. వచ్చిన పనినే తిప్పి తిప్పి చేయడం వేరు, రాని దాన్ని విడదీసి దాని మీద కూర్చోవడం వేరు అన్నదే వాళ్ల వాదన. మా వాడి లెక్క చూస్తే, 2019 జనవరి నుంచి 2023 జూన్ దాకా ఈ పొద్దుటి కూర్చోవడాలన్నీ కలిపినా తొమ్మిది వందల గంటలు దాటవు.

2019 డిసెంబరు పరీక్షలో మూతి దాదాపు నాలుగుకి ఒకటి వచ్చింది. ఇటుక అంచుల వాలు రెండూ వేరువేరుగా పడ్డాయి.

గొర్రెలు

చెంబు కదలదు. కదిలేవాటి సంగతేమిటని అదే ఏడాది ఎండాకాలంలో ఆదివారాలు పెన్న ఇసుకలోకి వెళ్లడం మొదలుపెట్టాం. అక్కడికి గొర్రెల మందలు వస్తాయి. నెల్లూరు గొర్రె పొడుగు కాళ్ల మనిషి, ఒంటి మీద ఉన్ని ఉండదు, బొచ్చే. వీటిలో మూడు రకాలు: తెల్లటి పల్ల, ఎర్రమట్టి రంగు దొర, మూతి దగ్గర నల్ల మచ్చలుండే జుడిపి. ఉన్ని లేకపోవడం బొమ్మలేసేవాడికి వరం, లోపలి ఎముక కదలిక పైకి కనబడుతుంది.

నియమం: 30 సెకన్లు చూడు, కళ్లు మూసుకో, తర్వాత గొర్రె వైపు చూడకుండా గీయి. మొదటి రోజు 40 బొమ్మలు గీశాడు. కాపరి వచ్చి తొంగి చూసి, "కుక్కలు బాగున్నాయబ్బయ్యా" అని పోయాడు.

ఇక్కడ పుల్ల పనిచేయదు, కొలిచేలోపు గొర్రె పోతుంది. మరి తప్పు ఎంతో ఎవరు చెప్పాలి? వెనక కాళ్లు ప్రతిసారీ తప్పు వస్తున్నాయి. మోకాలు వెనక్కి విరిగినట్టు గీసి, దాన్నే మోకాలు అనుకుంటున్నాడు. మటన్ కొట్టు నుంచి ఒక వెనక కాలు, ఒక ముందు కాలు తెప్పించాను. కీళ్లు చేత్తో పట్టుకుని వంచి చూశాం. వెనక కాల్లో వెనక్కి పొడుచుకొచ్చేది మన మడమ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన దాక్కుని ఉంటుంది. ముందు కాల్లో మనం మోకాలు అనుకునేది నిజానికి మణికట్టు. గొర్రె మునివేళ్ల మీద నడుస్తుందన్నమాట. ఆ కాళ్లు తర్వాత ఏం చేశారని అడగకండి, వాళ్లింట్లో ఆ రాత్రి సూపు.

తర్వాతి ఆదివారం గొర్రెలు గొర్రెల్లా నిలబడ్డాయి. చూసిన బొమ్మని ఎముకతో సరిపోల్చుకుని అతనే తప్పు పట్టుకోవడం మొదలుపెట్టాడు. పుల్ల చేసే పని అక్కడ ఆ మటన్ కాలు చేసింది.

లాక్‌డౌన్, గొడవ

2020 మార్చిలో అన్నీ మూతపడ్డాయి. షాపు లేదు, ఫంక్షన్లు లేవు, జీతం లేదు. ఇతను రోజుకి నాలుగు గంటలు గీశాడు. ఫోన్లో హీరోల ఫోటోలు పెట్టుకుని, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి. లైకులు బాగా వచ్చాయి. గంటల లెక్కన చూస్తే ఆరేళ్లలో అంత ఎక్కువ గీసిన కాలం ఇంకోటి లేదు.

అక్టోబరులో మాస్కులు పెట్టుకుని పరీక్ష పెట్టుకున్నాం. మూతి మూడుకి ఒకటికి వెనక్కి పోయింది. ఇటుక వాలు రెండూ మళ్లీ దగ్గరికి వచ్చేశాయి. నేను ఏదో అన్నాను, లైకులు చెంబు మూతి కొలవవు అనో ఏమో. అతని మొహం మాడిపోయింది. రెండు నెలలు రాలేదు.

తర్వాత తెలిసింది. ఆ హీరోల బొమ్మలు చూసి కొందరు తమ ఫోటోలు పంపి గీయించుకున్నారు, బొమ్మకి 1,500 రూపాయలు. ఆ డబ్బుతోనే ఆ నాలుగు నెలలు ఇల్లు గడిచింది. నాకు నెలనెలా జీతం వస్తోంది కాబట్టి నోటికొచ్చింది అన్నాను. వెళ్లి క్షమించమని అడిగాను. ఫోటో చూసి గీయడం ఒక పని, దానికి డబ్బులొస్తాయి, మంచిదే. పొద్దుటి 45 నిమిషాలు దాంతో కలవకూడదు, అంతే. ఆ ఒప్పందం మీద 2021 జనవరిలో మళ్లీ మొదలుపెట్టాం. పోయింది తిరిగి రావడానికి ఏడు వారాలు పట్టింది. మొదటిసారి ఏడాది పట్టిన పని అది.

ఆ ఏడాది నవంబరులో పెన్న పొంగింది. వాళ్ల కాలనీలోకి నడుములోతు నీళ్లు వచ్చాయి. మనుషులు బయటపడ్డారు. మంచం కింద పెట్టెలో ఉన్న నోటుబుక్కులు మూడు రోజులు నీళ్లలో నానాయి. ఎండబెట్టాక చూస్తే పెన్సిల్ గీతలు చెక్కుచెదరలేదు, గ్రాఫైట్ నీళ్లకి కరగదు. ఎర్ర బాల్‌పెన్ గీతలు కూడా చాలావరకు నిలిచాయి. జెల్ పెన్నుతో రాసిన లైన్లు మాత్రం నీలం మరకలు. అంటే తప్పులూ దిద్దుబాట్లూ మిగిలాయి, కన్ను అన్న మాటలు పోయాయి. పైన ఇచ్చిన లైన్లు నేను అంతకుముందు ఎత్తి రాసుకున్నవి.

చెవి ఎవరిది?

2022లో మనుషుల మొహాలకి వచ్చాం. ఫోటోలు వద్దు, ఎదురుగా మనిషి కూర్చోవాలి అన్నాను. కూర్చునేంత తీరిక ఇంట్లో వాళ్ల నాయనకే ఉంది. అరుగు మీద కూర్చుని వక్కాకు నములుతూ, మధ్యలో కునికిపాట్లు పడుతూ.

కొత్తవాళ్లందరూ చేసే తప్పే ఇతనూ చేశాడు. కళ్లు నుదుటి మీదికి ఎక్కించాడు. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు దాదాపు సగంలో ఉంటాయి. జుట్టు భాగంలో మనకి ఆసక్తి ఉండదు, అందుకని దాన్ని కుదించేస్తాం. దీనికి పుల్ల సరిపోయింది. ఇంకో సాధనం చేర్చాం: దారానికి నట్టు కట్టి, మేస్త్రీ గోడ దగ్గర గుండు వేలాడేసినట్టు కంటి ముందు వేలాడదీయడం. లోపలి కంటి మూల నుంచి దారం కిందికి వస్తే అది ముక్కుపుటం దగ్గర ఎక్కడ పడుతోంది, నోటి మూలకి ఎంత దూరంలో పోతోంది. పెద్దాయనకి ఎడమ దవడ పళ్లు లేవు, ఆ పక్క నోటి మూల లోపలికి పోయింది. దారం లేకపోతే ఇతను రెండు పక్కలా ఒకేలా గీసేసేవాడు.

నాలుగో నెలలో ఒక బొమ్మ నిజంగా కుదిరింది. నాకు చూపించే ముందు వాళ్ల నాయనకి చూపించాడు. ఆయన జీవితమంతా అక్షరాలు రాసిన మనిషి. కాగితం దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసి, "గీత బాగుంది. చెవి ఎవురిది?" అన్నాడు.

నిజమే. మొహమంతా పెద్దాయనదే. చెవి మాత్రం ఎవరిదీ కాదు. ఫ్లెక్స్ షాపులో క్లిప్ ఆర్ట్ ఫైల్లోంచి తెచ్చి అతికించినట్టు ఉంది. ఐదేళ్లలో చెవిని నేను కూడా ఒక్కసారీ పట్టించుకోలేదు. అప్పటి నుంచి ఆరు వారాలు చెవులే. షాపుకి వచ్చిన కస్టమర్లు ఫంక్షన్ వివరాలు చెబుతుంటే, ఇతను ఆర్డర్ ఫారం వెనక వాళ్ల చెవులు గీశాడు. తమ్మె మొహానికి అతుక్కుని ఉందా, వేలాడుతోందా. పై అంచు కనుబొమకి సమంగా ఉందా, కింది అంచు ముక్కు కొసకి సమంగా ఉందా. వయసుతో పాటు తమ్మె ఎలా సాగుతుంది.

బాపు గీత లాంటి గీత రావాలని మొదట్లో అడిగేవాడు. చాలామంది అడుగుతారు. ఆ గీత కాపీ కొట్టిన వాళ్ల బొమ్మల్లో చేతులూ చెవులూ చూడండి, ఎక్కడ చూడడం ఆగిపోయిందో తెలిసిపోతుంది. చెవుల తర్వాత ఇతను ఆ మాట ఎత్తలేదు.

2023 జూన్

చివరి పరీక్ష అదే చెంబు, అదే ఇటుక. తువ్వాలు మాత్రం రెండోది, మొదటిది చిరిగిపోయింది. 25 నిమిషాల్లో ముగించాడు. మూతి, పుల్లతో నేను కొలిచినంతలో, సరిగ్గా ఉంది. ఇటుక ఎడమ అంచులో కొద్ది తేడా, కుడి అంచు సరి. నేను కొలవకముందే అతను ఆ ఎడమ అంచు వైపు వేలు చూపించి, "ఇక్కడ దిగింది సార్" అన్నాడు. నాకు అన్నిటికంటే ఎక్కువ సంతోషం కలిగించింది ఆ వేలే.

రానివి కూడా రాయాలి. ఎదురుగా ఏమీ లేకుండా ఊహించి గీయమంటే ఇప్పటికీ తడబడతాడు. నలుగురు మనుషుల్ని ఒక బొమ్మలో నిలబెట్టలేడు. రంగుల జోలికి మేం పోనేలేదు. హయ్యర్ పరీక్ష రాయలేదు, రాయాలన్న కోరికా లేదు.

ఉద్యోగం ఇప్పటికీ ఆ ఫ్లెక్స్ షాపులోనే. కొత్తగా చేరిన పని ఒకటుంది. పెద్దకర్మ ఫ్లెక్స్ కోసం వచ్చేవాళ్లలో కొందరి దగ్గర పోయినవాళ్ల మంచి ఫోటో ఉండదు. ఆధార్ కార్డు మీద ఉన్న మసక ఫోటోయో, పెళ్లి గుంపులో గోరంత మొహమో తెస్తారు. దాన్ని పెద్దది చేస్తే చుక్కలు తప్ప ఏమీ మిగలదు. ఇతను దాన్ని చూసి పెన్సిల్‌తో పెద్దగా గీసి ఇస్తాడు. ఒకసారి కోవూరు వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది, తల్లి పోయింది. ఉన్న ఒక్క ఫోటోలో చెవుల మీదికి కొంగు. ఇతను కూతుర్ని స్టూలు మీద కూర్చోబెట్టి, మీ చెవి అమ్మ పోలికేనా అని అడిగాడు. ఆమెకి తెలియలేదు. పక్కనున్న మేనత్త కూతురి జుట్టు వెనక్కి తోసి చూసి, "అచ్చం మా వదినదే" అంది. కూతురి చెవి చూసి తమ్మె ఇంకాస్త సాగదీసి గీశాడు. బొమ్మ తీసుకెళ్లేటప్పుడు ఆ మేనత్త మొహం చూడలేదు, చెవి మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది అని నాకు చెప్పాడు.

ఇది ఒక్క మనిషి కేసు, అదీ చెయ్యి ముందే తిరిగిన మనిషిది. ఇదే పద్ధతి తర్వాత క్లాసులో ముగ్గురు పిల్లల మీద ప్రయత్నించాను. ఇద్దరు నెల లోపే మానేశారు. పన్నెండేళ్ల పిల్లాణ్ని రోజూ అదే చెంబు ముందు కూర్చోబెడితే పారిపోక ఏం చేస్తాడు? మూడో అమ్మాయికి చెంబు బదులు వాళ్ల పిల్లికూన ఇచ్చాను, ఆమె నిలబడింది. పెద్దవాళ్లలో కూడా పొద్దున ఆరుకి లేచి తన తప్పు తనే కొలుచుకునే ఓపిక ఎందరికి ఉంటుందో చెప్పలేను. ఇతనికి ఆ ఓపిక నేను నేర్పింది కాదు. గోడ మీద దారం కొట్టి, అక్షరం వంకర పోతే తుడిచి మళ్లీ రాసిన ఇంట్లో పుట్టాడు.

ప్రస్తుతం చేతుల మీద ఉన్నాడు. ఆదివారాలు చేపల మార్కెట్‌కి పోయి, కత్తిపీట ముందు చేపలు కోసే ఆమె చేతులు గీస్తున్నాడు. మొదటి రోజు పుల్ల చాచి కొలవబోతే ఆమె, "ఏందయ్యా అది, నా మీదికి పుల్ల చూపిస్తన్నావు? కొనేదుంటే కొను, లేదంటే పక్కకి జరుగు" అందట. అర కేజీ కొర్రమీను కొని మళ్లీ కూర్చున్నాడు. ఆ రోజు పుస్తకంలో లైను: "బొటనవేలు. కన్ను పొడుగు అంది. పుల్ల తియ్యనియ్యలా."